నాన్న గుండెల్లోంచి పొద్దున్నే కూత వస్తోంది, వైజాగ్ తీసుకెళ్ళాలా, బాక్స్‌తో పంపితే సరిపోద్దా?

నాగావళి_గట్టు
2020 ఏప్రిల్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నేను హైదరాబాద్‌లో ఇరుక్కుపోయాను, అమ్మానాన్న ఆమదాలవలస దగ్గర మా ఊళ్ళో ఇద్దరే ఉన్నారు. నాన్నకి 67, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. 2013లో వైజాగ్‌లో ఐసీడీ పెట్టారు, మామూలు పేస్‌మేకర్ కాదు, గుండె లయ తప్పితే లోపల్నుంచే షాక్ ఇచ్చే మిషను. ఇంతవరకూ ఒక్కసారే కొట్టింది, అదీ 2016లో.

సంగతేంటంటే గురువారం నుంచి రోజూ పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి ఇంట్లో ఎక్కడో సన్నగా పీ పీ మని కూత. అమ్మ సెల్‌ఫోన్ అనుకుంది. నాన్న గోడగడియారం సెల్లు పీకేశారు, మర్నాడు మిక్సీ ప్లగ్గు, ఆ మర్నాడు ఇన్వర్టరు కూడా ఆపేశారంట. ఇవాళ అమ్మ టీ గ్లాసు అందిస్తూ వంగితే ఆ కూత నాన్న ఎడం భుజం కిందనుంచి వస్తోంది! అమ్మ గ్లాసు వదిలేసి నాకు వీడియోకాల్, ఏడుపు. నాన్న మాత్రం "నాకేటయింది, బాగానే ఉన్నాను కదా" అని కూర్చున్నారు.

ఆస్పత్రికి ఇరవైసార్లు చేస్తే ఒకసారి ఎత్తారు, ఓపీ మూసేశాం, మీకు ఇంట్లో పెట్టుకునే బాక్స్ ఇచ్చాం కదా, మిషన్లో ఉన్నది చదివి సెల్ టవర్ మీదుగా మాకు పంపేది, దాంతో పంపండి అన్నారు. ఆ బాక్స్ తిత్లీ తుపానప్పుడు కరెంటు పోయిందని తీసి అటక మీద పెట్టినవాళ్ళు మళ్ళీ దింపలేదు. రైళ్ళు లేవు, బస్సుల్లేవు, రానూ పోనూ రెండొందల కిలోమీటర్లు, దారిలో చెక్‌పోస్టులు. అక్కడికెళ్తే కరోనా అంటుకుంటుందని ఇంకో భయం. ఏం చెయ్యాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

---

గంటస్తంభం_సెంటర్
2020 ఏప్రిల్ 19, రాత్రి 10:05

ముందు కంగారు తగ్గించుకోండి బ్రదర్. మా విజయనగరం జిల్లాలో ఇప్పటికి ఒక్క కేసూ లేదు, మీ శ్రీకాకుళంలోనూ లేదు. వైజాగ్‌లో ఉన్నాయి. అందుకని అవసరం లేకుండా వెళ్ళడం నేను ఒప్పుకోను. కానీ కూత అంటే బ్యాటరీయో, మిషను నుంచి గుండెకి వెళ్ళే వైరో ఏదో ఉండుంటది, మా అన్నయ్యకీ ఐసీడీనే. ఆ బాక్స్ గురించి నాకు వేరే కడుపుమంట ఉంది, అది తర్వాత చెప్తాను. ఇక్కడ క్యాథ్‌ల్యాబ్ (ఆస్పత్రిలో గుండెకి స్టెంట్లూ మిషన్లూ వేసే గది) కుర్రాడొకడు ఉండాలి, పిలవండి ఎవరైనా.

---

బొబ్బిలి_కోట
2020 ఏప్రిల్ 19, రాత్రి 10:20

మా గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, గుండె జబ్బున్నవాళ్ళు కరోనా రాకుండా ముందే హైడ్రాక్సీక్లోరోక్విన్ వారానికొకటి వేసుకోవాలంట. మీ నాన్నగారికి అదికూడా

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2020 ఏప్రిల్ 19, రాత్రి 11:15

బొబ్బిలి అన్నా ఆ మాట అక్కడే ఆపెయ్. ఆ మాత్ర వైద్యసిబ్బందికీ, కరోనా వచ్చినవాళ్ళ ఇంట్లోవాళ్ళకీ డాక్టర్ చెప్తేనే. ఈసీజీలో క్యూటీ అనే గ్యాప్‌ని అది సాగదీస్తుంది, దానికి అజిత్రోమైసిన్ తోడైతే ఇంకా సాగుతుంది, అలా సాగిన గుండెకే ప్రమాదకరమైన లయ పట్టుకుంటుంది. ఐసీడీ పెట్టిందే ఆ లయ కోసం. అలాంటి మనిషికి వాట్సాప్ చూసి మాత్రలివ్వడం అంటే తాళం వేసిన ఇంటికి దొంగని మనమే పిలిచినట్టు.

నాగావళి అన్నయ్యా, మాది రాజాం, పని వైజాగ్‌లో ఒక క్యాథ్‌ల్యాబ్‌లో. నేను డాక్టర్‌ని కాదు, మిషన్ చెక్ చేసే టెక్నీషియన్‌ని, ఆ మేరకే తీసుకోండి. కొన్ని కంపెనీల ఐసీడీలు రోజూ ఒకే టైముకి కూస్తాయి, ఆ టైము మేమే సెట్ చేస్తాం. నన్ను ఆస్పత్రికి చూపించండి అని దానర్థం. బ్యాటరీ మార్చే టైము దగ్గరపడినా కూస్తుంది, వైరులో తేడా వచ్చినా కూస్తుంది. రెండింటికీ తొందర వేరువేరు. కూత విని ఏది అనేది ఫోన్లో నేను చెప్పలేను, బాక్స్ చెప్తుంది. 2013 మిషను కాబట్టి బ్యాటరీ అనుకోవడానికే ఎక్కువ అవకాశం, ఐసీడీలు చాలావరకు ఆరు నుంచి పదేళ్ళు లాగుతాయి.

రేపు పొద్దున్నే అటక మీంచి దింపించండి. బాక్స్‌ని నాన్నగారి మంచం పక్కనే పెట్టాలి, రెండు మీటర్లు దాటకుండా. టీవీ పక్కనా ఫ్రిజ్ పక్కనా వద్దు. ప్లగ్గు పెట్టాక సిగ్నల్ లైట్లు వచ్చేదాకా ఆగండి, దాంట్లో సిమ్ములాంటిది ఉంటుంది, సెల్ టవర్ పట్టుకోవాలి. కిటికీ దగ్గరైతే బాగా పడుతుంది. ఆ తర్వాత బటన్ ఉంటే నొక్కి నాన్నగారిని కదలకుండా కూర్చోమనండి, లేకపోతే రాత్రి పడుకున్నప్పుడు దానంతటదే లాగి పంపిస్తుంది.

ఈలోగా షాక్ కొట్టి మనిషి బాగానే ఉంటే బాక్స్‌తో పంపి ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. రెండోసారి కొట్టినా, కళ్ళు తిరిగినా, ఆయాసమొచ్చినా, గుండెనొప్పి వచ్చినా బాక్స్ మాట మర్చిపోయి 108 పిలవండి. లాక్‌డౌన్ అని ఆలోచించొద్దు, 108ని ఎవరూ ఆపరు. షాక్ కొట్టేటప్పుడు అమ్మగారు పట్టుకుని ఉంటే ఆవిడకేం కాదు, మహా అయితే జివ్వుమంటుంది, అది కూడా చెప్పండి, చాలామంది ఆ భయంతో పడిపోతున్న మనిషిని వదిలేస్తారు.

---

సందేహాల_రాయుడు
2020 ఏప్రిల్ 20, ఉదయం 7:30

గుడ్ మార్నింగ్. అందరూ బాక్స్ బాక్స్ అంటున్నారు, ఆ డేటా ఎక్కడికి పోతుందో ఎవరైనా అడిగారా? నేరుగా మీ డాక్టర్ టేబుల్ మీదకి రాదు, ముందు కంపెనీ సర్వర్‌కి పోతుంది, అక్కడ్నుంచి డాక్టర్ వెబ్‌సైట్లో తెరిచి చూసుకోవాలి. మన గుండె చప్పుడు ఏ దేశంలో దాచారో మనకి తెలీదు. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చేనీ 2007లో తన మిషన్ మార్పించుకున్నప్పుడు దూరం నుంచి ఎవరైనా హ్యాక్ చేస్తారేమోనని వైర్‌లెస్ ఆపించేశాడు, ఇది ఆయనే టీవీలో చెప్పాడు. 2017లో అమెరికాలో 4,65,000 పేస్‌మేకర్లకి ఇదే భయంతో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యాల్సొచ్చింది. నేను వద్దనట్లేదు, ఆలోచించమంటున్నా.

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2020 ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:10

రాయుడుగారు, రెండూ నిజమే. కానీ సగం చెప్పారు. ఆ 4,65,000లో ఎవరికైనా హాని జరిగినట్టు ఒక్క రిపోర్టూ లేదని అప్డేట్ చెయ్యమన్న ఎఫ్‌డీఏనే (అక్కడ మందులూ వైద్య పరికరాలూ చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పింది. ఆ అప్‌డేట్ మూడు నిముషాల పని. ఇంకో సంగతి, ఇంట్లో పెట్టే బాక్స్ చదువుతుందే గానీ మిషన్లో సెట్టింగులు మార్చదు. మార్చాలంటే మనిషి మా దగ్గరికి రావాలి, సెట్టింగులు మార్చే మా ప్రోగ్రామర్ మిషన్ ముందు కూర్చోవాలి. చేనీగారికి శత్రువులుంటారు, ఆమదాలవలస రిటైర్డ్ డ్రైవరుగారి గుండె హ్యాక్ చేసి ఎవరికేం వస్తుంది చెప్పండి :)

డేటా ఎవరి దగ్గరుంటుందన్న ప్రశ్న మాత్రం మంచిదే, కాదనను.

---

ఉద్దానం_కొబ్బరాకు
2020 ఏప్రిల్ 20, సాయంత్రం 6:45

మాది కవిటి దగ్గరండి. తిత్లీ మాట ఎత్తినారు కాబట్టి నానూ ఒకటి సెప్తాను. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటింది కదా, మాకు కొబ్బరి సెట్టు ఒక్కటి నిలబడనేదు, జీడితోట మొత్తం పడుకుండిపోయింది. కరెంటు స్తంబాలు అగ్గిపుల్లల్లాగ ఇరిగిపోనాయి. పదిహేను రోజులు సీకటే. మా అయ్యకీ ఇలాటి మిషనే ఉంది, బాక్స్‌కి కరెంటు నేదు, టవరూ నేదు. లోపలి మిషను ఆగిపోద్దేటోనని మా అమ్మ ఒకటే ఏడుపు. తరవాత తెలిసింది ఏటంటే లోపలున్నదానికి సొంత బ్యాటరీ ఉంటాది, బాక్స్ ఆగిపోతే కబురు ఆగిపోద్ది అంతే గానీ గుండెకేటీ అవదు. జరిగిందంతా లోపల దాసుకుని కరెంటొచ్చినాక పంపుతాదంట.

పంచాయతీ వాళ్ళు ట్యాంకుకి నీళ్ళెక్కించడానికి జనరేటరు తెచ్చినారు, ఊరంతా సెల్లులు ఛార్జింగ్ పెట్టడానికి లైన్ కట్టినారు, మేము మాత్రం బాక్సు పట్టుకెళ్ళి అయ్యని పక్కన మడతకుర్సీ ఏసి కూకోబెట్టినాం. అందరూ నవ్వినారు. టవర్ నేకపోయేసరికి అదీ పంపనేదు అనుకోండి. కానీ మా అమ్మ ఆ రోజు అన్నం తింది.

---

సీతంపేట_కొండ
2020 ఏప్రిల్ 20, రాత్రి 8:00

మీకు తుపానొస్తేనే టవర్ పోద్ది, మాకు రోజూ తుపానే. మా ఊళ్ళో సిగ్నల్ లేక మా పెద్దనాన్నని బాక్స్‌తో సహా నెలకోసారి పాలకొండలో మా పిన్ని ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టి తెస్తాం. రాత్రి రెండు మూడింటికి పంపుతుంది కదా, పొద్దున్న టిఫిన్ తిని వచ్చేస్తారు. లాక్‌డౌన్ వచ్చాక ఆటోలు లేక అదీ పోయింది. మార్చి నుంచి ఏ కబురూ వెళ్ళలేదు.

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2020 ఏప్రిల్ 20, రాత్రి 10:30

సీతంపేట అన్నయ్యా నాకు మెసేజ్ పెట్టు, మీ ఆస్పత్రి లిస్టులో పెద్దనాన్నగారు "కనెక్షన్ లేదు" అని కనిపిస్తుంటారు, వాళ్ళకి ఫోన్ చేసి కారణం చెప్పి ఉంచడం మంచిది. కనెక్షన్ లేనివాళ్ళ లిస్టు చాంతాడంత ఉంటుంది మాకు, అందులో ఊరెళ్ళినవాళ్ళెవరో, ప్లగ్గు పీకినవాళ్ళెవరో, చనిపోయినవాళ్ళెవరో తెలీదు.

---

నాగావళి_గట్టు
2020 ఏప్రిల్ 22, రాత్రి 9:00

అప్‌డేట్. బాక్స్ దింపారు. లోపల బల్లి గుడ్లు. అమ్మ దులిపి ప్లగ్గు పెట్టింది, లైట్లు రాలేదు, నేను వీడియోకాల్లో ఆ మూల ఈ మూల తిప్పించాను, చివరికి వీధి అరుగు మీద పెడితే టవర్ పట్టుకుంది. నాన్న అరుగు మీద కుర్చీలో, పక్కన స్టూలు మీద బాక్స్, ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ వైరు, దారిన పోయేవాళ్ళందరూ ఏటి డ్రైవరుగారూ ఇంటర్వ్యూవా అని అడగడం. అరగంట తర్వాత పంపినట్టు లైటు వచ్చింది.

ఇవాళ డాక్టర్‌గారే ఫోన్ చేశారు, ఫోన్‌లో వైద్యం చెప్పడానికి ఇప్పుడు రూల్సు కూడా వచ్చాయట, లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే. బ్యాటరీయే. ఏప్రిల్ 16న మార్చాల్సిన గీత దాటింది, అదే గురువారం. వైరు బాగుంది, లయలో తేడా ఏమీ లేదు. గీత దాటాక కూడా సుమారు మూడు నెలలు పూర్తిగా పనిచేస్తుంది, షాక్ కూడా ఇవ్వగలదు, నాన్నకి సొంత బీటు ఉంది కాబట్టి ఇప్పుడీ హడావుడిలో రానక్కర్లేదు, జూన్‌లో మార్చేద్దాం అన్నారు. కూత మాత్రం వస్తూనే ఉంటుందట, అదే వైరు సంగతైతే రేపే బయల్దేరమనేవాణ్ణి అని కూడా అన్నారు.

నాన్న ఏమన్నారో తెలుసా, "రిజర్వులో పడిందన్నమాట, రాజాం వెళ్ళి డిపోకి వచ్చీగలదు" అని. ఏడేళ్ళలో నాన్నకి ఈ మిషన్ ఇంత బాగా అర్థమవడం ఇదే మొదలు.

ఇంకొకటి, ఇది నన్ను బాగా గుచ్చింది. ఆ మిషన్ రోజుకి మనిషి ఎంతసేపు కదిలాడో కూడా రాసుకుంటుందట. మార్చి 21 దాకా రోజుకి మూడు గంటలకి పైనే ఉంది, జనతా కర్ఫ్యూ రోజునుంచి పడి పడి గంటకి వచ్చేసింది. అంటే నాన్న ఇంట్లో కూర్చునే ఉన్నారు. రోజూ ఫోన్లో "నడుస్తున్నాన్రా" అని చెప్తున్నారు.

---

టెక్కలి_టీచరమ్మ
2020 ఏప్రిల్ 22, రాత్రి 9:35

అమ్మయ్య. నాన్నగారిని పెరట్లోనైనా నడవమనండి బాబూ. దొరికిపోయారని చెప్పకండి, పాపం.

---

గంటస్తంభం_సెంటర్
2020 ఏప్రిల్ 27, ఉదయం 11:20

మొన్న 25న మీ జిల్లాలో పాతపట్నం వైపు కేసులొచ్చాయి కదా, ఇంక మన రెండు జిల్లాలకీ గీత చెరిగిపోయినట్టే. సరే నా కడుపుమంట చెప్తానన్నాను.

మా అన్నయ్యకి గత ఏడాది దసరాలకి శనివారం సాయంత్రం, పైడితల్లమ్మ జాతర సిరిమాను చూడ్డానికి చుట్టాలొస్తారని ఇల్లు సర్దుతుంటే షాక్ కొట్టింది. కూర్చున్నాడు, లేచాడు, బాగానే ఉన్నాడు. బాక్స్ ఉంది కదా, పంపించేసి ఉంటుంది, ఏదైనా అయితే వాళ్ళే ఫోన్ చేస్తారు అని మేమంతా ధీమాగా ఉన్నాం. ఆదివారం ఫోన్ రాలేదు. ఫోన్ రాలేదంటే ఏం లేదన్నమాట అనుకున్నాం. సోమవారం పదకొండింటికి ఫోన్, వెంటనే బయల్దేరండి, శనివారం నుంచి లయ మూడుసార్లు తప్పింది, షాక్ అక్కర్లేకుండా మిషనే సర్దుకుంది అని. అంటే మిషను తన పని చేసింది. బాక్స్ తన పని చేసింది, శనివారం రాత్రే పంపింది. చూడాల్సిన మనిషి సోమవారం వచ్చాడు. ఆస్పత్రి పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాం. కానీ ఒకటడుగుతాను, ఇరవైనాలుగు గంటలూ మా మీద కన్నుంటుంది అని బాక్స్ ఇచ్చినప్పుడు చెప్పారా లేదా?

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2020 ఏప్రిల్ 27, రాత్రి 11:50

అన్నయ్యా మీ కోపం న్యాయమే, మా వైపునుంచి కూడా విను. బాక్స్ ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తాం, ఇది ఎమర్జెన్సీ సర్వీసు కాదు, పనివేళల్లోనే చూస్తాం అని అందులో ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటుంది. ఎవరూ చదవరు, మేమూ చదివి వినిపించం. తప్పే.

బాక్స్ అంటే పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఉత్తరం డబ్బాలో వేసి వెళ్ళిపోతాడు, ఇంటాయన తలుపు తీసి చదివాడా లేదా అతనికి పట్టదు. మా దగ్గర వందలమంది పేషెంట్లకి ఇద్దరం, అదీ కేసులు చేసుకుంటూ మధ్యలో కంప్యూటర్ తెరుస్తాం. పొద్దున్న తెరిస్తే ఎర్ర అలర్టులూ పసుపు అలర్టులూ కలిపి వస్తాయి, సగం పైన పనికిరానివి, ఒకే పేషెంటుకి ఒకే చిన్న సంగతి పదిసార్లు. ఈ చూడ్డానికి వేరే డబ్బు రాదు కాబట్టి దానికి వేరే మనిషిని పెట్టరు. 

అయినా నేను బాక్స్ వైపే మాట్లాడతాను, ఎందుకంటే 2010లో వచ్చిన ట్రస్ట్ అనే స్టడీలో 1,339 మంది ఐసీడీ పేషెంట్లని చూశారు, బాక్స్ ఉన్నవాళ్ళకి ఆస్పత్రి తిరుగుళ్ళు 45 శాతం తగ్గాయి, తేడా వస్తే డాక్టర్‌కి తెలియడానికి సగటున రెండు రోజుల్లోపే పట్టింది, బాక్స్ లేకుండా మూణ్ణెల్లకోసారి వచ్చేవాళ్ళకి 36 రోజులు. మీకు శనివారం నుంచి సోమవారం, అదే బాక్స్ లేకపోతే అన్నయ్య బాగానే ఉన్నాడు కదా అని తర్వాతి చెకింగ్ దాకా ఆగేవాళ్ళేమో. మీరు చేయాల్సిందల్లా షాక్ కొట్టిన నిముషంలో మీరే ఫోన్ చేయడం. బాక్స్ చేస్తుందని ఊరుకోకూడదు.

---

గంటస్తంభం_సెంటర్
2020 ఏప్రిల్ 28, ఉదయం 8:15

సగటు లెక్క సగటు మనిషికి తమ్ముడూ, మా అన్నయ్య ఒక్కడే. కానీ ఆ ఇంగ్లీషు కాగితం తప్పు ఒప్పుకున్నావు, నీ మీద కోపం లేదు. ఈసారి వెళ్ళినప్పుడు మూడు అడుగుతాను, ఎవరు చూస్తారు, ఏ వేళల్లో చూస్తారు, ఆదివారం ఏ నంబరుకి చెయ్యాలి. తెలుగులో రాయించుకుని బాక్స్ మీదే అంటిస్తాను.

---

సందేహాల_రాయుడు
2020 ఏప్రిల్ 28, ఉదయం 9:00

ఇదే నేను మొదట్నుంచీ అంటున్నది, అవతల ఎవరున్నారో తెలుసుకోండి అని. హ్యాకరేనా మీ భయమంతా అన్నారు అందరూ.

---

నాగావళి_గట్టు
2020 జూన్ 14, రాత్రి 8:20

అయిపోయింది. మే 21 నుంచి ఆర్టీసీ బస్సులు మొదలైనా నాన్నని బస్సులో వద్దన్నాను, ఆయన వినరు కదా, నలభై ఏళ్ళు నడిపిన బస్సు ఎక్కొద్దంటావా అని. ఆఖరికి మా బావ కారులో తీసుకెళ్ళాడు. ముందు కరోనా టెస్ట్, నెగెటివ్ వచ్చాకే లోపలికి. పాత వైర్లే ఉంచి పైన డబ్బా ఒక్కటే మార్చారు, మర్నాడు సాయంత్రం పంపేశారు. కోత పెట్టిన చోట వాపుగానీ చీముగానీ వస్తే ఫోటో తీసి పంపమన్నారు. కుట్లు చూడ్డానికి కూడా రానక్కర్లేదు, ఇక్కడ తెలిసిన డాక్టర్ చూస్తే చాలన్నారు.

పాత డబ్బా ఇమ్మని నాన్న అడిగారంట, డిపోలో పాత పార్టు జమ చేయకుండా కొత్త పార్టు ఇవ్వరు, ఇది ఎవరికి జమ అవుద్ది అని. డాక్టర్ నవ్వారంట, ఇవ్వలేదు మరి.

---

టెక్కలి_టీచరమ్మ
2020 ఆగస్టు 9, ఉదయం 6:50

ఈ థ్రెడ్‌లోనే అడుగుతున్నాను, వేరేది ఎందుకని. మా అమ్మకి 74, పేస్‌మేకర్ ఉంది, గుండె కొట్టుకోవడం నిముషానికి 60 కింద పడకుండా సెట్ చేశామన్నారు. ఊళ్ళో కేసులు ఎక్కువయ్యాయని మేమూ ఒక ఆక్సీమీటర్ కొన్నాం. రాత్రి అమ్మ వేలికి పెడితే ఆక్సిజన్ 97, పల్స్ 36! మళ్ళీ పెడితే 38. పేస్‌మేకర్ ఆగిపోయిందనుకుని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మనిషి మాత్రం బానే ఉంది, నా మొహం చూసి తనే భయపడుతోంది. ప్రభుత్వం పెట్టిన ఫోన్ వైద్యం నంబరు 14410కి చేశాను, వాళ్ళు మీ గుండె డాక్టర్‌తో మాట్లాడమన్నారు. తమ్ముడూ ఉన్నావా?

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2020 ఆగస్టు 9, ఉదయం 7:25

ఉన్నాను టీచరమ్మా, డ్యూటీకి బయల్దేరుతున్నా. అమ్మగారు తూలడం, కళ్ళు చీకట్లు కమ్మడం, ఆయాసం ఏమైనా ఉంటే ఇది చదవడం ఆపి 108. లేకపోతే ముందు బాక్స్‌తో పంపండి, నేరుగా ఫోన్ కూడా చెయ్యండి. చాలాసార్లు జరిగేదేంటంటే మధ్యమధ్యలో గుండె తొందరపడి ఒక అదనపు బీటు వేస్తుంది, ఆ బీటుకి వేలిదాకా రక్తం సరిగ్గా రాదు, ఆక్సీమీటర్ దాన్ని లెక్కపెట్టదు. ఒకటి మంచిది ఒకటి అదనపుది వస్తుంటే సగమే చూపిస్తుంది. గుండె 72 కొడుతుంటే వేలు 36 అంటుంది. మిషను ఆగిందా లేదా అనేది వేలు చెప్పలేదు.

---

టెక్కలి_టీచరమ్మ
2020 ఆగస్టు 9, సాయంత్రం 5:10

నువ్వన్నట్టే బాబూ! మధ్యాహ్నం ఫోన్ చేశారు, పేస్‌మేకర్ బ్రహ్మాండంగా ఉందట, అదనపు బీట్లేనట. పొటాషియం రక్తపరీక్ష టెక్కలిలోనే చేయించి రిపోర్టు వాట్సాప్ చెయ్యమన్నారు, ఒక మాత్ర డోసు మార్చారు. ఈ పాటికి అంబులెన్సులో వైజాగ్ దారిలో ఉండేవాళ్ళం, ఏ వార్డులో పడేవాళ్ళమో. అమ్మ ఆక్సీమీటర్ దాచేసింది, ఎక్కడ పెట్టిందో చెప్పట్లేదు.

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2020 ఆగస్టు 9, రాత్రి 11:40

సంతోషం. కానీ అందరికీ ఒకటి చెప్తున్నా, ఈ మధ్య రోజుకి నలుగురు అడుగుతున్నారు, బాక్స్ గ్రీన్ లైట్ ఉంది కాబట్టి మా నాన్నకి హార్ట్ ఎటాక్ రాదు కదా, కరోనా వస్తే ముందే తెలుస్తుంది కదా అని. ఏదీ తెలీదు. రక్తనాళం మూసుకుపోతే దానికి తెలీదు, బీపీ తెలీదు, జ్వరం తెలీదు, ఆక్సిజన్ తెలీదు. బ్యాటరీ, వైర్లు, లయ, ఎంత కదిలారు, కొన్ని మిషన్లలో ఇంకొంచెం, అంతే. గ్రీన్ లైట్ అంటే పోస్టు వెళ్ళిందని మాత్రమే. గుండెనొప్పి వచ్చి కూడా కరోనా భయంతో ఇంట్లోనే ఉండిపోయి ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఈ నాలుగు నెలల్లో ఎంతమందిని చూశానో, అందులో కొందరు నడిచి వెళ్ళలేదు. నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నా.

---

ఉద్దానం_కొబ్బరాకు
2020 ఆగస్టు 10, ఉదయం 6:00

పడుకో తమ్ముడా. కాస్త జాగర్త.

---

బొబ్బిలి_కోట
2021 జనవరి 30, మధ్యాహ్నం 1:15

ఈసారి ఫార్వర్డ్ కాదు బాబూ, డాక్టర్‌ని అడిగే రాస్తున్నా. మావోడు అమెరికా నుంచి కొత్త ఐఫోన్ 12 పంపాడు. దాని వెనక అయస్కాంతం ఉంటది, ఐసీడీ ఉన్న మనిషి చొక్కా జేబులో పెట్టుకుంటే షాక్ ఇవ్వడం తాత్కాలికంగా ఆగిపోవచ్చంట, అమెరికా డాక్టర్లు పరీక్షించి ఈ నెలే రాశారు. ఏ సెల్ అయినా మిషనుకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మిషను లేని వైపు చెవికి పెట్టుకోమన్నారు. మా మావయ్య ఎడం జేబులోనే పెట్టేవాడు, ఇప్పుడు పంచె మడతలో పెడుతున్నాడు, రెండుసార్లు నూతి దగ్గర పడేశాడు.

---

నాగావళి_గట్టు
2024 ఫిబ్రవరి 11, రాత్రి 9:30

పాత థ్రెడ్ లేపుతున్నందుకు అడ్మిన్‌గారు క్షమించాలి. నాలుగేళ్ళయింది, ఎవరెవరు ఉన్నారో ఇక్కడ. నాన్నకి 71. కొత్త మిషనుకి అటక బాక్స్ లేదు, సెల్‌ఫోన్‌లో యాప్, బ్లూటూత్‌తో పోతుంది. ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళం, ఈసారి డాక్టర్ కొత్తమాట చెప్పారు, కనెక్షన్ తెగకుండా ఉండి, అలర్టులేవీ రాకుండా ఉంటే మనిషి రావడం రెండేళ్ళకోసారికి జరపొచ్చని 2023లో ఈ లయ డాక్టర్ల అంతర్జాతీయ సంఘాలన్నీ కలిసి చెప్పాయట. అమ్మ ఎంత సంతోషపడిందో, వైజాగ్ ప్రయాణమంటే ఆవిడకి వాంతులు.

అయితే పోయిన వారం ఆస్పత్రి నుంచి నాకు ఫోన్. మీ నాన్నగారి దగ్గర్నుంచి 21 రోజులుగా ఏమీ రావట్లేదు, ఎలా ఉన్నారు అని. ఆ అమ్మాయి గొంతులో కాస్త భయం కూడా ఉంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంటికి చేస్తే నాన్నే ఎత్తారు. విషయమేంటంటే రాత్రుళ్ళు ఫోన్ బ్యాటరీ దిగిపోతోందని ఎవరో కుర్రాడు బ్లూటూత్ ఆపెయ్యమన్నాడట, ఆపేశారు. నేను అరిస్తే "బతికే ఉన్నానని సెప్పు ఆళ్ళకి, ఛార్జింగ్ పెట్టుకుంటున్నాను" అన్నారు.

గంటస్తంభం అన్నయ్యా, మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. తమ్ముడు ఎలా ఉన్నాడు, ఎవరికైనా తెలుసా?

---

క్యాథ్‌ల్యాబ్_తమ్ముడు
2024 ఫిబ్రవరి 12, ఉదయం 6:10

ఉన్నాను అన్నయ్యా, వేరే ఆస్పత్రిలో. ఇక్కడ బాక్సులు చూడ్డానికే ఒక అమ్మాయిని పెట్టారు, పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటుంది. ఆదివారం మాత్రం సెలవే.

---

గంటస్తంభం_సెంటర్
2024 ఫిబ్రవరి 12, ఉదయం 7:45

ఆదివారం సంగతి మళ్ళీ మొదలెట్టకండి నాతో :)
అన్నయ్య బాగున్నాడు. నాగావళి, మీ నాన్నగారిది ఏ ఫోనో చెప్పు, మావాడికీ యాప్ మిషనే వేస్తారట, పాత ఫోన్లో ఎక్కుతుందా?